కరపత్రం కాని క్రైస్తవ కథ

నేనొక నవల రాస్తున్నాను. 1877 కరువులో బకింగ్‌హాం కాలవ పనిలో మట్టితట్ట మోసిన పన్నెండేళ్ల పిల్ల ఒకరు, ఆ పిల్లకి ఐదో తరంలో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఆవిడ ఇంకొకరు. వీళ్లిద్దరి కథ. ఒక అధ్యాయం అటు, ఒక అధ్యాయం ఇటు నడుస్తుంది. ఆ పిల్ల కథ మధ్యలో క్రైస్తవురాలవుతుంది. ఈవిడ పుట్టుకతోనే క్రైస్తవురాలు. అంటే ఏమిటో మాత్రం కథ అయిపోవచ్చేదాకా ఆవిడకి తెలిసిరాదు.

ఈ మాట నోరు జారి ఎవరితో అన్నా సలహాలు మొదలవుతాయి. చర్చిలోవాళ్లు "మంచిదమ్మా, నలుగురికీ ఆత్మీయంగా మేలు కలిగేలా రాయి" అంటారు. సాహిత్య మిత్రులు "మతం కాస్త తగ్గించి కులం పెంచు" అంటారు. ఇంట్లోవాళ్లు, చుట్టాలు "ముందు పిల్లల్ని ఓ దరికి చేరనీ, తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు" అంటారు. ఈ ముగ్గురికీ ఒకళ్లంటే ఒకళ్లకి పడదు. ఒక చోట కూర్చోబెడితే అరగంటలో పోట్లాడుకుంటారు. కానీ నా నవల దగ్గరికొచ్చేసరికి ముగ్గురూ ఒకే పార్టీ. ఇప్పుడొద్దు, ఇలా ఒద్దు అంటారు. ఈ వ్యాసం ఆ ముగ్గురికీ కలిపి నా జవాబు.

*

ముందు ఒక సంవత్సరం గురించి మాట్లాడుకోవాలి. 1878.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకి అది వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' వివేకవర్ధనిలో మొదలైన ఏడాది. తొలి తెలుగు నవల ఏదన్న వాదన ఒకటి ఉంది గానీ, ఎక్కువమంది ఆ గౌరవం దీనికే ఇస్తారు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన 'ద వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దీనికి ప్రేరణ అని కూడా పాఠాల్లో చెబుతారు. వికార్ అంటే ఎవరో మాత్రం ఎవరూ ఆగి చెప్పరు. పల్లెటూరి చర్చి పాస్టరు. మా వైపు భాషలో చెప్పాలంటే అయ్యగారు. ఇంగ్లీషులో కష్టాలు పడ్డ ఆ అయ్యగారు తెలుగులోకి వచ్చేసరికి గోదావరి ఒడ్డున బ్రాహ్మణ గృహస్థు రాజశేఖరుడయ్యాడు. వీరేశలింగాన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తనకు తెలిసిన ఇంటిని తను రాశాడు, బాగా రాశాడు. అయినా మన నవల పుట్టుకలోనే ఒక పాస్టరుగారు వేషం మార్చుకోవాల్సి వచ్చిందన్న సంగతి నాకు నవ్వూ తెప్పిస్తుంది, నిద్రా పట్టనివ్వదు.

ఎందుకంటే అదే 1878లో, జూలై 3న, ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాదాపు అందరూ మాదిగలు. దానికి ముందు ధాత కరువు. కాలవ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా ముక్కని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని కూలి ఇప్పించాడు. పనిమీద మేస్త్రీలుగా మాదిగ బోధకుల్నే పెట్టాడు. కూలి, సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు సద్దుమణిగాక జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది కూడా దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, పొద్దున్నించి సాయంత్రందాకా ఇచ్చారు.

ఒక్కసారి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో నవల నడక నేర్చుకుంటున్న ఏడాదే, తెలుగు నేలమీద రెండు వేల పైచిలుకు జనం ఒక్క పూటలో తమ పండగలు మార్చుకున్నారు. చావుకీ పెళ్లికీ చేసే తంతు మార్చుకున్నారు. చాలామంది పిల్లల పేర్లు కూడా మార్చుకున్నారు. నవలకి ఇంతకన్నా కావలసిన సరుకేముంది? ఒక మనిషి తన నిన్నని వదిలేసి రేపట్లోకి దిగడం. వదిలేశాననుకున్న నిన్న ఒడ్డున నిలబడి ఎదురుచూడటం. నవల అనే ప్రక్రియ కనిపెట్టింది దీనికోసమే అనిపిస్తుంది నాకు. కానీ ఆ రోజు మన నవల గోదావరి దగ్గరుంది. గుండ్లకమ్మ దగ్గరికి రాలేదు.

రాసినవాళ్లు లేకపోలేదు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది. చెప్పులు కుడుతూ కుడుతూ చెప్పుకునే మాదిగల కథలు, వాళ్ల గురువులు, దేవతలు, మారినవాళ్ల జీవితాలు. ఆ పుస్తకం దగ్గర నాకు చాలా అప్పు ఉంది. కానీ అది ఇంగ్లీషు పాఠకుల కోసం, మిషను పనికి గెలుపు గుర్తుగా రాసిన పుస్తకం. అలా మా ఇంటి కథ మా ఇంటి భాషలోకి రాకముందే సముద్రం దాటింది. ఒంగోలు మిషను చరిత్ర ఎత్తితే మొదట 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య పేరు వస్తుంది. అంతకుముందు రాజయోగ సాధనలో తిరిగిన మనిషి, గొప్ప మనిషి. ఆయనతోపాటే నీళ్లలో దిగిన ఆయన భార్య నాగమ్మ గురించి అడిగితే ఒక వాక్యం దొరుకుతుంది. ఆ వాక్యం తర్వాత ఉన్న ఖాళీలో నేను పని చేస్తున్నాను.

*

ఇప్పుడు మొదటి సలహాకి వస్తా. చర్చి సలహా.

మా చర్చిల్లో కథకి ఒకటే రూపం తెలుసు. సాక్ష్యం. ముందు చీకటి, తర్వాత వెలుగు, ఆ తర్వాత దీవెనలు. కింద ఫోన్ నంబరు. ఈ రూపాన్ని నేను ఎగతాళి చెయ్యను, చేసేవాళ్లంటే కోపం కూడా. ఎందుకంటే సంతకం పెట్టడం రాని ఆడమనిషి, ఊళ్లో అరుగు ఎక్కడానికి లేని ఆడమనిషి, పదిమంది ముందు లేచి నిలబడి "నేను" అని మొదలుపెట్టి పది నిమిషాలు తన గురించి తాను మాట్లాడే వీలు ఇంకెక్కడా లేనప్పుడు చర్చిలో దొరికింది. ఆత్మకథ అనే మాట తెలియకుండానే మా నాయనమ్మ తరం ఆడవాళ్లు ఆత్మకథలు చెప్పారు. అది చిన్న విషయం కాదు.

కానీ నవల సాక్ష్యం కాదు. సాక్ష్యంలో మొదటి వాక్యానికే చివరి వాక్యం తెలిసిపోతుంది. అందులో గతానికి ఒకటే ఉద్యోగం, పారేయబడటం. నేను రాసిన ఒక అధ్యాయంలో, బాప్తిస్మమైన రెండేళ్లకి గూడెంలో అమ్మవారు పోస్తుంది. ఆ పిల్ల తల్లి పగలంతా ప్రార్థన చేస్తుంది, రాత్రి ఎవరూ చూడకుండా పోలేరమ్మకి చల్ది నైవేద్యం పెట్టి వస్తుంది. చర్చి స్త్రీల సమాజంలో ఈ అధ్యాయం చదివితే ఒక పెద్దావిడ నెమ్మదిగానే అంది, "అది తీసెయ్యమ్మా, సాక్ష్యం చెడిపోతుంది" అని.

తియ్యను. నేను చెప్పే కారణం ఆవిడ బైబిల్లోదే. ఆదికాండములో రాహేలు పుట్టింటినించి బయల్దేరుతూ తండ్రి గృహదేవతల్ని దొంగిలించి తెచ్చుకుంటుంది. వెతకడానికొస్తే ఒంటె సామగ్రిలో దాచి వాటిమీద కూర్చుంటుంది. లేవలేనని అబద్ధం కూడా ఆడుతుంది. పన్నెండు గోత్రాల తల్లుల్లో ఒకావిడ. బైబిలు ఆ సంగతి తియ్యలేదు. యేసు వంశావళిలో తామారు పేరుంది, రాహాబు పేరుంది, మోయాబు నించి వచ్చిన రూతు పేరుంది. వంశాన్ని శుభ్రం చేసి చూపించాలన్న ఆత్రం ఆ పుస్తకానికి లేదు. మనకే ఎందుకో! మారిన మనిషి గతాన్ని కడిగేసుకుని రాదు, మూట కట్టుకుని వస్తుంది. ఆ మూటలో ఏముందో చూపించని కథలో విశ్వాసం కూడా బలహీనంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ విశ్వాసం దేన్ని ఎదుర్కొందో పాఠకులకి తెలియదు.

ఇంకొకటి. "క్రీస్తులో కులం లేదు" అని రాయమంటారు. రాస్తాను, ఆదివారం పొద్దున ఆ మాట విని కళ్లనీళ్లు పెట్టుకునే మనిషిని రాస్తాను. అదే మనిషి సోమవారం కూతురి పెళ్లికి ప్రకటన ఇస్తుంటే అందులో మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్ అని గడులుంటాయి. అదీ రాస్తాను. 2013లో నంద్యాల డయోసిస్‌కి పుష్పలలితగారు బిషప్ అయ్యారు, మొత్తం సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్, మన తెలుగావిడ. అదే కాలంలో ఎన్నో పల్లె చర్చిల్లో ఆడవాళ్లు వాక్యం చెప్పడానికి పులిపీఠం ఎక్కకూడదు. ఈ రెండూ ఒకే సంఘం కథ. ఒకటి మాత్రమే రాస్తే అది కరపత్రం. కరపత్రాలు రాసేవాళ్లు చర్చిలో చాలామంది ఉన్నారు, నా అవసరం లేదు.

*

రెండో సలహా. ఇది మన వాళ్లది, అంటే మీదీ నాదీ. సాహిత్య లోకానిది. దీనికి కాస్త గట్టిగానే జవాబివ్వాలి.

తెలుగు కథలో కార్తీకమాసం దీపాలొస్తే దాన్ని వాతావరణం అంటాం. శ్రావణ శుక్రవారం వస్తే సంస్కృతి అంటాం. గుడి మెట్లమీద కూర్చుని పాత్ర తన జీవితాన్ని తలచుకుంటే ఆర్ద్రత అంటాం. అదే పాత్ర చర్చి బెంచీమీద కూర్చుని మోకాళ్లూనితే ప్రచారం అయిపోతుంది. ఒక పత్రిక నా కథని వెనక్కి పంపుతూ "మత వాసన ఎక్కువగా ఉంది" అంది. ఆ కథలో పాస్టరు లేడు, అద్భుతం లేదు. మొగుడు పోయిన ఆవిడ గుడ్ ఫ్రైడే రోజు మూడు గంటల ఆరాధనలో కూర్చుని, ఇంటికెళ్లాక అన్నం వండాలా వద్దా అని ఆలోచిస్తుంది. అంతే. ఇంకో చోట "ప్రభు భోజనం" అనే మాటకి పక్కన అర్థం ఇమ్మన్నారు. మీ కథల్లో సంధ్యావందనానికి ఎప్పుడైనా అర్థం ఇచ్చారా? నేను అడిగి తెలుసుకున్నాను, చదివి తెలుసుకున్నాను. మీరూ తెలుసుకోండి.

వింతేమిటంటే, ఇదే పాఠకులు మెరిలిన్ రాబిన్సన్ 'గిలియడ్' చదివి మురిసిపోతారు. 2004లో వచ్చిన నవల, మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది. ఒక ముసలి పాస్టరు, తను ఎక్కువకాలం బతకనని తెలిసి, ఏడేళ్ల కొడుక్కి రాసుకున్న ఉత్తరం అది. అందులో తాత ఉన్నాడు, బానిసత్వానికి ఎదురుతిరిగిన గొడవలున్నాయి, పేజీ పేజీకీ బైబిలుంది. దాన్ని ప్రచారం అని ఒక్కరూ అనలేదు. షుసాకు ఎండో 'సైలెన్స్' గురించి గంటలు గంటలు మాట్లాడతారు. అయోవాలో పాస్టరుకి ఆత్మ ఉంటుంది, నాగసాకిలో పాస్టరుకి ఆత్మ ఉంటుంది. చీమకుర్తిలో పాస్టరుకి మాత్రం లౌడ్‌స్పీకరే ఉంటుంది. మన సినిమాల్లోనూ అంతే, మన కథల్లో చాలావాటిలోనూ అంతే. టీవీలో నూనె అమ్ముకునే పాస్టర్లున్నారు, వాళ్లని ఏకిపారేయాల్సిందే. నా నవలలోనూ ఒకడున్నాడు. కానీ ఆ ఒక్కడే మా అందరికీ ప్రతినిధి అయితే అది వ్యంగ్యం కాదు, సోమరితనం.

పక్క భాషలు చూడండి. తమిళంలో బామ 'కరుక్కు' 1992లో వచ్చింది. కాన్వెంటు వదిలి వచ్చిన దళిత క్రైస్తవురాలు చర్చిలో కులాన్ని చర్చి లోపలి భాషతోనే ఉతికి ఆరేసింది. కేరళలో క్రైస్తవ ఇళ్ల కథలు లేకుండా మలయాళ నవలే లేదు. మనకి జాషువా ఉన్నాడు. 1964లో సాహిత్య అకాడెమీ ఇచ్చింది ఆయన 'క్రీస్తు చరిత్ర'కి. కానీ జాషువా అనగానే మనకి నోటికొచ్చేది 'గబ్బిలం'. గబ్బిలం గొప్పదే, సందేహం లేదు. ఆ గబ్బిలం కాశీ విశ్వనాథుడి దగ్గరికి వెళ్లింది కాబట్టి మనకి దాని దారి తెలుసు. క్రీస్తు దగ్గరికి వెళ్లిన జాషువాని మాత్రం బహుమతి ఇచ్చి అలమారలో పెట్టేశాం. కొలకలూరి ఇనాక్ రాశారు, ఎం.ఎం. వినోదిని రాశారు. వాళ్లు తెరిచిన తలుపు నాకు తెలుసు. తలుపు తెరిచి ఉందని చెప్పి లోపలికి రావద్దనేది ఎవరో కూడా తెలుసు.

ఇక "మతం తగ్గించి కులం పెంచు" అన్న సలహా. ఇది ఇచ్చేవాళ్లు మంచివాళ్లు, నా పక్షంవాళ్లు. అయినా ఇది మా ఇళ్లు తెలియనివాళ్ల మాట. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. షెడ్యూల్డు కులాల జాబితాలో హిందువులకే చోటు అంది. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఇప్పటికీ బయటే. మన దగ్గర వాళ్లని బీసీ-సిలో పెట్టారు, ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మత నిబంధన తీసెయ్యమంది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఎక్కడిదక్కడే ఉంది. అందుకే మా ఇళ్లలో రెండేసి పేర్లుంటాయి. రికార్డులో ఒకటి, చర్చిలో ఒకటి. బళ్లో వెంకటేశ్వర్లు, బల్ల దగ్గర ఆబ్రహాము.

సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకి వెళితే ఏం అడుగుతారు? మీ నాన్న ఎవరు, మీ తాత ఎవరు, ఆయన ఏ మతం, ఎప్పుడు మారారు. గతాన్నీ వర్తమానాన్నీ ముడిపెట్టే నవల రాస్తున్నానంటే "మంచి టెక్నిక్" అన్నాడొక మిత్రుడు. నాయనా, అది టెక్నిక్ కాదు. మా పిల్లల ఇంజినీరింగ్ సీటు మా ముత్తాత ఏ నదిలో మునిగాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ దేశంలో మా గతం రోజూ కౌంటర్ దగ్గర క్యూలో నిలబడుతుంది. ఇందులోంచి మతాన్ని తీసేసి కులం ఒక్కటీ రాయమంటే ఎలా? తీస్తే రెండూ రావాల్సిందే, ఉంచితే రెండూ ఉండాల్సిందే. మా వాళ్లు చాలామంది రాయకపోవడానికి కూడా ఇదొక కారణం. తన పేరుతో "నేను క్రైస్తవుణ్ణి" అని అచ్చులో చెప్పడం అంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమని భయం. ఆ భయాన్ని అర్థం చేసుకోని విమర్శకుడు "క్రైస్తవ జీవితం మీద నవలలేవీ" అని ప్రశ్నించకూడదు.

గంజి కోసం మతం మారారన్న మాట కూడా నా దగ్గరికి వస్తుంది. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆగాయన్న సంగతి పైన చెప్పాను. దాన్ని పక్కన పెట్టినా సరే. ఆకలితో ఉన్న మనిషికి గంజి ఎవరు పోశారన్నదే కాదు, ఎంత దూరంలో నిలబెట్టి పోశారన్నది కూడా తెలుస్తుంది. దూరం నించి దోసిట్లో పోసేవాడికీ దగ్గర కూర్చోబెట్టి గిన్నెలో పోసేవాడికీ తేడా తెలుసుకోవడం తెలివి. దాన్ని అమ్ముడుపోవడం అనేవాళ్లు ఎప్పుడూ దోసిలి పట్టనివాళ్లు. మిషనరీ దేవుడేం కాదు. తెల్లవాడి రాజ్యంలో తెల్లవాడు, వాడి లెక్కలు వాడికున్నాయి. అదీ నవలలో ఉంటుంది. కానీ నా కథానాయిక దొర కాదు. తట్ట మోసిన పిల్ల.

*

మూడో సలహా అన్నిటికన్నా ప్రేమగా వస్తుంది. అందుకే దానితోనే ఎక్కువ కష్టం.

నాకు పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. ఉద్యోగం ఉంది. నేను రాసేది పొద్దున నాలుగున్నర నించి ఆరు దాకా, పాలు పొంగేలోపు. లేదంటే పాప సంగీతం క్లాసు బయట మెట్ల మీద, ఫోన్లో. వారానికి మూడు పేజీలు అయితే గొప్ప. జ్వరాలొచ్చిన వారం అవీ ఉండవు. "ఇంత హైరానా ఎందుకు, వాళ్లు కాలేజీకొచ్చాక రాయొచ్చుగా" అంటారు. ఈ మాట ఏ మగ రచయితతోనూ ఎవరూ అనగా వినలేదు. మగవాళ్ల పుస్తకాల ముందుమాట చివరి పేరాలో "నా రచనకి ఆటంకం కలగకుండా పిల్లల్ని చూసుకున్న నా శ్రీమతికి" అని కృతజ్ఞతలుంటాయి. అక్కడితో ఆ సంగతి అయిపోతుంది. టోని మోరిసన్ ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పని చేస్తూ రాసింది. ఆమె మొదటి నవల 1970లో వచ్చింది. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగలేదు. అలాగని ఆవిణ్ణి చూపించి ఆడవాళ్లని ఇంకో చాకిరీకి సిద్ధం చెయ్యడం నా ఉద్దేశం కాదు. అన్నీ చక్కబెట్టుకునే మహాతల్లి బొమ్మంటే నాకు ఒళ్లుమంట. నేను అనేది ఒకటే: ఆగమని చెప్పేవాళ్లు ఆగితే ఏం పోతుందో లెక్క వెయ్యడం లేదు.

లెక్క నేను వేస్తాను. మా నాయనమ్మకి 88 ఏళ్లు. నా నవల్లో తట్ట మోసే పిల్లకి మూలం ఆవిడ అమ్మమ్మ. నాయనమ్మ చిన్నప్పుడు ఆ ముసలావిడ ఒళ్లో కూర్చుంది. కాలవ కట్ట మీద నిద్రపోతే తేళ్లు కుట్టిన సంగతి, మొదటిసారి బాప్టిస్టు గుళ్లో మగవాళ్ల ఎదుట పాట ఎత్తుకుంటే గొంతు పెగలని సంగతి ఆవిడ నోటినుంచే విన్నది. 1877ని చేత్తో తాకిన మనిషిని తాకిన ఆఖరి చెయ్యి మా నాయనమ్మది. మా పాప కాలేజీకొచ్చేసరికి ఏడేళ్లు పడుతుంది. ఆ ఏడేళ్లు నాయనమ్మ ఆగుతుందా? ఇప్పటికే మా నాన్నని వాళ్ల అన్న పేరుతో పిలుస్తోంది. పిల్లలు చిన్నగా ఉండటం, ముసలివాళ్లు ఇంకా ఉండటం, ఈ రెండూ ఒకేసారి ఉండే రోజులు ఏ ఇంట్లోనైనా చాలా తక్కువ. తీరిక దొరికేసరికి అడగాల్సిన మనుషులుండరు. మన భాషలో ఆడవాళ్ల చరిత్ర సగం ఈ తీరిక కోసం ఎదురుచూస్తూనే పోయింది.

అసలు పిల్లలు నవలకి అడ్డం అన్న మాటే నాకు నమ్మకం లేదు. అడ్డం సమయానికి. నవలకి కాదు. గతం వర్తమానంలోకి ఎక్కణ్ణించి వస్తుందో రోజూ చూస్తున్నది నేను పిల్లల దగ్గరే. బళ్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చారు. పాప గడులు గీసి నింపుకుంటూ వెళ్లింది. నాన్న, తాత, ముత్తాత యేసుదాసు, ఆయన తండ్రి దగ్గరికొచ్చేసరికి పోలయ్య. "పేర్లు ఇక్కడ ఎందుకు మారిపోయాయి? వీళ్లు వేరేవాళ్లా?" అని అడిగింది. నూట యాభై ఏళ్ల చరిత్రని ఇంత సూటిగా అడిగిన పరిశోధకుణ్ణి నేను చూడలేదు. ఆ పిల్లకి జవాబు కావాలి. ఏ వయసులో ఎంత చెప్పాలన్నది నిజమైన ప్రశ్న. పక్క బెంచీ పిల్ల "మీరు కన్వర్టెడ్ వాళ్లంటగా" అన్న రోజు, నేను చెప్పకముందే ప్రపంచం చెప్పేసింది. అది చెప్పే తీరు నా తీరులా ఉండదు. అందులో నాగమ్మ ఉండదు, తట్ట ఉండదు, ఆరుగురు బోధకులుండరు. కన్వర్టెడ్ అన్న ఒక్క మాటే ఉంటుంది, తిట్టులాగ.

నవంబరు 2న సమాధుల పండగకి ఊరెళ్లి పిల్లలతో సమాధులకి సున్నం వేయిస్తాం, కొవ్వొత్తులు పెట్టిస్తాం. మా బాబు పలకల మీద పేర్లు కూడబలుక్కుని చదువుతాడు. వాడికి చదవడం అక్కడ వచ్చిందన్నా అతిశయోక్తి కాదు. పేరులేని మట్టిదిబ్బలు కూడా కొన్ని ఉన్నాయి. వాటికీ ఒక్కో కొవ్వొత్తి పెట్టమంటే "వీళ్లెవరు" అంటాడు. నాయనమ్మకి కొందరు తెలుసు, కొందరు తెలియదు. తెలియనివాళ్లకి కథ కల్పించాలి. కల్పన అంటే అదే కదా, అందుకే నాకు వ్యాసాలు చాలలేదు, నవల కావాల్సొచ్చింది.

అయితే ఒక హద్దు పెట్టుకున్నాను. ఈ నవల మా పిల్లల కోసం రాయడం లేదు. పిల్లల కోసం అని మొదలుపెడితే మళ్లీ నీతి వస్తుంది, నీతి వెనకే సాక్ష్యం వస్తుంది, చివరికి చర్చి సలహా దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చేస్తుంది. ఇది పెద్దవాళ్ల నవల. పాప పెద్దయ్యాక చదువుతుందో లేదో ఆమె ఇష్టం. చదివి "ఇది కాదు, ఇంకోలా జరిగుంటుంది" అంటే మరీ సంతోషం.

*

కాబట్టి ముగ్గురికీ నేను అడిగేవి చిన్న చిన్నవే. సంఘానికి: మీ లైబ్రరీలో వ్యాఖ్యాన గ్రంథాల పక్కన నవలలకి ఒక అర పెట్టండి. వాటిలో పాపం చేసినవాళ్లు చివరిదాకా మారకపోయినా ఊరుకోండి. సంపాదకులకి, పాఠకులకి: పోలేరమ్మకి అర్థం అడగనివాళ్లు ప్రభు భోజనానికీ అడగకండి. పాత్ర మోకాళ్లూనితే భయపడకండి, లేచాక ఏం చేస్తుందో చదవండి. ఇంట్లోవాళ్లకి: శనివారం పొద్దున మూడు గంటలు. ఆ మూడు గంటలూ పిల్లలు మీ దగ్గర. "ఎప్పుడైపోతుంది" అని మాత్రం అడగొద్దు.

నవల ఇప్పుడు నూట నలభై పేజీల దగ్గరుంది. గుండ్లకమ్మ ఒడ్డున వరస చాలా పొడుగ్గా ఉంది. ఆ పిల్ల ఇంకా నీళ్లలో దిగలేదు.